ముందుగా తెలిసేది కంపెనీకే

మా పిన్ని కొడుకు ఆన్‌లైన్ జూదంలో పడ్డాడన్న సంగతి అందరికంటే ఆఖరున తెలిసింది మా పిన్నికి. ఆవిడకంటే వారం ముందు నాకు తెలిసింది. నాకంటే ముందు, వాడికి అప్పులిచ్చిన స్నేహితులకు తెలిసింది. వీళ్ళందరికంటే కొన్ని నెలల ముందే తెలిసినవాళ్ళు ఇంకొకరు ఉన్నారు. ఆ యాప్ నడిపే కంపెనీ.

ఏదో కోపంలో అంటున్న మాట కాదిది. వాడు విషయమంతా బయటపెట్టిన రాత్రి "నువ్వే చూడక్కా, నా నోటితో చెప్పలేను" అని ఫోన్ నా చేతిలో పెట్టాడు. ఖాతా చరిత్ర మొత్తం డౌన్‌లోడ్ చేసుకునే వీలుంది అందులో. చేశాం. పదకొండు నెలలు, 612 వరసలు. ఏ రోజు, ఏ నిమిషంలో, ఏ కార్డుతో ఎంత వేశాడో, ఎప్పుడు తీశాడో అన్నీ ఉన్నాయి. మొదటి నెలలో వారానికి ఒకటి రెండు డిపాజిట్లు, అవీ సాయంత్రాల్లో. నాలుగో నెలకు రోజూ. ఆరో నెలకు వచ్చేసరికి తెల్లవారుజామున 2:10కి ఒకటి, 2:24కి ఒకటి, 2:31కి ఇంకొకటి. ప్రతిదీ ముందుదానికి రెట్టింపు. ఆ తర్వాత బ్యాంకు ఖాతా పోయి క్రెడిట్ కార్డు వచ్చింది. ఒక కార్డు ఫెయిలైన నిమిషంలోపే రెండో కార్డు.

నేను మానసిక వైద్యురాలిని కాదు. అయినా నాలుగో పేజీకి వచ్చేసరికి నాకు గుండె దడ మొదలైంది. పోయిన డబ్బు రాబట్టుకోవాలని ఒక మనిషి రాత్రంతా పెనుగులాడుతున్నాడని తెలుసుకోవడానికి ఏ చదువూ అక్కర్లేదు. ఆ వరసల్లో ప్రతి ఒక్కటీ జరిగిన క్షణంలోనే కంపెనీ సర్వర్‌లో పడింది. నేను ఏడాది గడిచాక చూసినదాన్ని వాళ్ళు ఆ రాత్రే చూడగలిగేవారు.

ఆన్‌లైన్ జూదాన్ని అదుపు చేసే చట్టం ఏదైనా ఇక్కణ్ణుంచే మొదలవ్వాలని నా వాదన. ఆడేవాడికి బుద్ధి చెప్పడం తర్వాత సంగతి. హాని జరుగుతోందని అందరికంటే ముందు చూడగలిగేది ఎవరో, ఆపగలిగేది ఎవరో, ముందు వాళ్ళ మీద బాధ్యత పెట్టాలి.

జూదం కొత్తది కాదు కదా, ఎప్పుడూ ఉన్నదే అంటారు కొందరు. ధర్మరాజు ఓడిపోతుంటే సభంతా చూసింది. విదురుడు వద్దన్నాడు తప్ప మిగతా పెద్దలు నోరు మెదపలేదు, అది వేరే పాపం. కానీ చూశారు. పేకాటలో ఆస్తి పోగొట్టుకున్నవాడి గురించి కూడా ఎవరో ఒకరు ఇంటికి కబురు చేసేవారు. ఆడటానికి ఒక చోటికి వెళ్ళాలి, చీకటి పడితే లేవాలి, జేబు ఖాళీ అయితే ఆగాలి. ఫోన్లో ఈ ఆనకట్టలు ఒక్కటీ లేవు. భార్య పక్కనే నిద్రపోతుంటే దుప్పటి కింద జీతం మొత్తం పోగొట్టుకోవచ్చు. ఒక్క చప్పుడు కూడా కాదు.

ఇక ఆ ఆట ఎలా తయారైందో చూడాలి. బటన్ నొక్కితే తెర మీద బొమ్మల చక్రాలు తిరిగి ఆగే స్లాట్ ఆటల్లో "96 శాతం తిరిగి ఇస్తాం" అని రాసి ఉంటుంది. చదివినవాడు ఏమనుకుంటాడు? నూరు నాణేలు పట్టుకుని కూర్చుంటే మహా అయితే నాలుగు పోతాయి, అంతే కదా అనుకుంటాడు. మా తమ్ముడూ అలాగే అనుకున్నాడు. అసలు లెక్క అది కాదు. ఆ నాలుగు శాతం ప్రతి స్పిన్ మీదా, అంటే చక్రం తిరిగిన ప్రతిసారీ పోతుంది. రెండున్నర సెకన్లకు ఒక స్పిన్ చొప్పున గంటకు 1,440 స్పిన్లు. స్పిన్‌కు ఒక నాణెం పెడితే గంటలో పందెం కాసింది 1,440 నాణేలు. దానిలో నాలుగు శాతం అంటే సగటున 57 నాణేలకు పైనే. గెలిచినవి మళ్ళీ మళ్ళీ పందెంలోకే వెళ్తాయి కాబట్టి, తెచ్చుకున్న నూరూ సగటు లెక్కన రెండు గంటలు కూడా నిలవవు. వేగం సగానికి తగ్గిస్తే నష్టం కూడా సగమవుతుంది. అందుకే ఈ ఆటల్లో వేగం ఒక హంగు కాదు, అసలు సరుకే అది.

ఎప్పుడు గెలుస్తామో తెలియకపోవడమే మనిషిని కట్టిపడేస్తుంది. ప్రతిసారీ గింజ పడే మీట కంటే, ఎన్నోసారికి పడుతుందో తెలియని మీటనే పావురాలు వదలకుండా పొడుస్తాయని అమెరికా మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు గత శతాబ్దంలోనే చూపించాయి. కొద్దిలో తప్పిపోయిన గెలుపు కూడా మెదడులో గెలుపు తాలూకు భాగాలనే కదిలిస్తుందనీ, ఇంకా ఆడాలన్న కోరిక పెంచుతుందనీ లూక్ క్లార్క్ అనే పరిశోధకుడి బృందం 2009లో మెదడు శాస్త్రపు పత్రిక న్యూరాన్‌లో ప్రచురించింది. ఇంకో ఎత్తు కూడా ఉంది. ఇరవై నాణేలు కాస్తే ఐదు తిరిగొస్తాయి. నిజానికి పదిహేను పోయాయి. కానీ తెర మీద దీపాలు వెలుగుతాయి, గంటలు మోగుతాయి. ఓడిపోయినవాడికి గెలిచిన సంబరం చేస్తారు. దీన్ని ఎవరో ఒకరు కూర్చుని, ఆలోచించి, గీసి, పరీక్షించి పెట్టారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కుతకుతలాడుతుంది.

వైద్యశాస్త్రం దీన్ని చెడు అలవాటుగా కాక జబ్బుగా చూడటం మొదలుపెట్టి నలభై ఏళ్ళు దాటింది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ తన మానసిక రుగ్మతల జాబితాలో 1980లోనే దీన్ని చేర్చింది. 2013లో మద్యం, మత్తుమందుల వ్యసనాలున్న అధ్యాయంలోకే దీన్ని మార్చింది. ద లాన్సెట్ పబ్లిక్ హెల్త్ అనే వైద్య పత్రిక నియమించిన కమిషన్ 2024లో ఇచ్చిన అంచనా ప్రకారం ప్రపంచంలో దాదాపు 8 కోట్ల మంది పెద్దలకు ఈ జబ్బో, సమస్యగా మారిన జూదమో ఉంది. ఆన్‌లైన్ కాసినో, స్లాట్ ఆటలు ఆడేవాళ్ళలో పెద్దలకైతే 15.8 శాతం మందికి, కౌమారంలో ఉన్నవాళ్ళకైతే 26.4 శాతం మందికి ఉండొచ్చని ఆ కమిషనే చెప్పింది. ఆడే పిల్లల్లో నలుగురికి ఒకరన్నమాట. వేరే ఏ వస్తువైనా వాడినవాళ్ళలో ఇంతమందిని జబ్బు పరిస్తే రేపీపాటికి అంగళ్ళలో ఉండదు.

మరి ఈ పరిశ్రమ బతికేది ఎవరి డబ్బుతో? బ్రిటన్ పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్ కమిటీ 2020లో ఇచ్చిన నివేదికలో ఒక మాట ఉంది. పరిశ్రమ లాభాల్లో 60 శాతం, ఇప్పటికే జూదంతో సమస్యలో ఉన్న లేదా సమస్యకు దగ్గర్లో ఉన్న 5 శాతం మంది నుంచే వస్తోందని. దీన్ని రెండుసార్లు చదివాను. "బాధ్యతగా ఆడండి" అని ప్రకటన చివర చిన్న అక్షరాల్లో రాస్తారు కదా. అందరూ నిజంగానే బాధ్యతగా ఆడితే ఆ లాభాల్లో సగానికి పైగా పోతుంది. అలాంటప్పుడు ఆపే పనిని కంపెనీ మంచితనానికి వదిలేయడం ఎలా కుదురుతుంది? చట్టం రావలసిందే.

తర్వాత కొన్ని వారాలు నేను ఆ 612 వరసలు ముందు పెట్టుకుని, ఏ దేశంలో ఏ నిబంధన ఉంటే ఏ వరస దగ్గర మావాడు ఆగి ఉండేవాడని వెతుక్కుంటూ కూర్చున్నాను.

మొదట క్రెడిట్ కార్డు. అప్పు తెచ్చిన డబ్బుతో జూదం ఆడనివ్వడమే ఘోరం. బ్రిటన్ 2020 ఏప్రిల్‌లో క్రెడిట్ కార్డుతో జూదం ఆడటాన్ని ఆపేసింది. ఆస్ట్రేలియా 2024 జూన్‌లో ఆన్‌లైన్ బెట్టింగ్‌కు అదే నిషేధం పెట్టింది. ఈ ఒక్కటి ఉన్నా మావాడి అప్పులో పెద్ద భాగం పుట్టేదే కాదు. దీనికి ఇంతకంటే వాదన అక్కర్లేదు.

వేగం సంగతి ముందే చెప్పాను. జర్మనీలో 2021 నుంచి స్లాట్ ఆటల్లో ఒక్కో స్పిన్‌కు సగటున కనీసం 5 సెకన్లు పట్టాలి, పందెం ఒక యూరో దాటకూడదు. బ్రిటన్ అదే ఏడాది అక్టోబరు చివరి నుంచి స్పిన్‌కు కనీసం 2.5 సెకన్లు అంది. దానంతటదే తిరుగుతూ పోయే ఆటోప్లేను తీసేయించింది. కాసిందానికంటే ఎక్కువ రానప్పుడు గెలుపు గంటలు మోగించకూడదంది. 2025లో పందెం మీద కూడా పరిమితి వచ్చింది: 25 ఏళ్ళు నిండినవాళ్ళకు స్పిన్‌కు 5 పౌండ్లు, 18 నుంచి 24 ఏళ్ళ వాళ్ళకు 2 పౌండ్లు. కుర్రవాళ్ళకు వేరే గీత గీయడం నాకు బాగా నచ్చింది.

వరస 388 దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ రోజు మావాడు గెలిచాడు. అప్పటిదాకా పోయినదాంట్లో సగం వెనక్కి వచ్చేంత గెలిచాడు. వెంటనే విత్‌డ్రా పెట్టాడు. "ఆ రాత్రే మానేద్దామనుకున్నానక్కా, నిజంగా," అన్నాడు. వాడి మాట నమ్ముతాను. కానీ డబ్బు వేయడానికి ఒక సెకను చాలిన చోట, తీయడానికి మూడు రోజులు పడుతుందన్నారు. ఆ మూడు రోజులూ తెర మీద ఒక బటన్ మెరుస్తూ ఉంది: విత్‌డ్రా రద్దు చేసి ఇప్పుడే ఆడండి. మొదటి రోజు తట్టుకున్నాడు. రెండో రోజు రాత్రి 1:50కి ఆ బటన్ నొక్కాడు. తెల్లారేలోపు మొత్తం పోయింది.

ఆ బటన్ ఎవరి మేలు కోసం పెట్టారో చెప్పండి. ఆటగాడికి దానితో ఏ పనీ లేదు. బ్రిటన్ నియంత్రణ సంస్థ గ్యాంబ్లింగ్ కమిషన్ 2021లోనే ఈ పద్ధతిని నిషేధించింది. ఒకసారి తీస్తానన్న డబ్బు మళ్ళీ ఆటలోకి లాగడానికి వీల్లేదు. నిబంధన పుస్తకంలో అదొక చిన్న వాక్యం. మా ఇంటికి వచ్చేసరికి ఒక కుర్రవాడి ఏడాది సంపాదన.

బయటపడే దారి కూడా ఇలాంటిదే. ఖాతా తెరవడానికి మావాడికి రెండు నిమిషాలు పట్టింది. మూసేయమని అడిగితే కారణం రాయమన్నారు, గుర్తింపు పత్రాలు మళ్ళీ పంపమన్నారు, ఇంకోసారి ఆలోచించుకోమన్నారు. ఒకచోట మూసినా పక్క యాప్ తలుపు తెరిచే ఉంటుంది. అందుకే కొన్ని దేశాలు ఒకే జాతీయ జాబితా పెట్టాయి. స్వీడన్‌లో 2019 నుంచి స్పెల్‌పౌస్, ఆస్ట్రేలియాలో 2023 నుంచి బెట్‌స్టాప్ ఉన్నాయి. బ్రిటన్‌లో గామ్‌స్టాప్‌లో చేరడం 2020 మార్చి చివరి నుంచి లైసెన్సున్న ప్రతి ఆన్‌లైన్ కంపెనీకీ తప్పనిసరి. ఒక్కసారి పేరు రాయించుకుంటే లైసెన్సున్న ఏ కంపెనీ కూడా ఆ మనిషిని ఆడనివ్వకూడదు. తెలివి తెలిసిన ఒక్క ఉదయం చాలు, మిగతా వంద రాత్రుల నుంచి తనను తాను కాపాడుకోవచ్చు. డిపాజిట్ పరిమితి కూడా ఇలా కంపెనీలన్నిటికీ కలిపి ఉండాలి. జర్మనీలో నెలకు మామూలుగా 1,000 యూరోలనే పరిమితి అన్ని సైట్లకూ కలిపే. ఒక్కో యాప్‌కు ఒక్కో పరిమితి అంటే పది యాప్‌లు పెట్టుకొమ్మని చెప్పినట్టే.

ఇవన్నీ మంచివే. కానీ నా అసలు వాదనకు దగ్గరగా వచ్చేది వేరే నిబంధన. బ్రిటన్‌లో 2022 నుంచి బలపడిన నియమాల ప్రకారం కంపెనీ తన ఆటగాళ్ళలో హాని సూచనల కోసం చూస్తూ ఉండాలి. గట్టి సూచన కనపడితే తనంతట తాను జోక్యం చేసుకోవాలి, ఆ మనిషికి ప్రకటనలు, కొత్త బోనస్‌లు పంపడం ఆపాలి. చూడలేదంటే కుదరదు. విలియం హిల్ అనే జూదం గ్రూపు కంపెనీలు 1 కోటి 92 లక్షల పౌండ్లు కట్టేలా 2023 మార్చిలో గ్యాంబ్లింగ్ కమిషన్ చర్య తీసుకున్నప్పుడు బయటపడిన విషయాల్లో ఒకటి: ఒక కొత్త ఖాతాదారు 20 నిమిషాల్లో 23,000 పౌండ్లు ఖర్చుపెడితే ఒక్క తనిఖీ కూడా జరగలేదు. ఆ 20 నిమిషాల్లో ఇంట్లో ఎవరు ఆపగలరు? తెలియనే తెలియదు. ఆపగలిగినవాళ్ళు ఒక్కరే. వాళ్ళకు డేటా విశ్లేషణ చేతకాక కాదు. ఎవరు ఎప్పుడు మానేస్తారో పసిగట్టి సరిగ్గా ఆ రోజున బోనస్ మెసేజ్ పంపగలిగినవాళ్ళకు, ఎవరు మునిగిపోతున్నారో పసిగట్టడం కష్టం కాదు.

"పెద్దవాళ్ళు తమ డబ్బు తమ ఇష్టం" అనే మాట నేను కొట్టిపారేయను. స్వేచ్ఛ మీద నాకు గౌరవం ఉంది. ఎప్పుడైనా సరదాకి ఆడి వదిలేసేవాళ్ళే ఎక్కువమంది, వాళ్ళ జోలికి పోవాలని నాకు లేదు. అయితే పైన చెప్పిన నిబంధనల్లో ఏది వాళ్ళకు అడ్డొస్తుంది? రెండున్నర సెకన్లు ఆగడమా? అప్పు డబ్బు వాడలేకపోవడమా? గెలిచిన డబ్బు రద్దు బటన్ లేకుండా చేతికి రావడమా? ఈ కంచెలు తగిలేది పరుగెత్తుకుంటూ అంచుకు వెళ్ళేవాడికే. రాత్రి రెండింటికి రెట్టింపు చేస్తూ పోతున్న మనిషికి ఆ క్షణంలో స్వేచ్ఛ ఉందని, వాడి కళ్ళు దగ్గర్నుంచి చూసిన నేను ఒప్పుకోలేను.

ఆదాయం ఎంతో చూసి పరిమితి పెట్టాలంటే కంపెనీ చేతికి మన బ్యాంకు వివరాలు ఇవ్వాలా అన్న భయం న్యాయమైనదే. ఇక్కడ జాగ్రత్త కావాలి. బ్రిటన్ ఆటగాడి ఆర్థిక స్థితి చూసే మొదటి దశ తనిఖీని దివాలా, కోర్టు బకాయిల వంటి బహిరంగ రికార్డులకే పరిమితం చేసింది. ఆ మేరకు సరే. సేకరించిన వివరాలు ప్రకటనల విభాగానికి చేరకుండా గోడ కట్టకపోతే మాత్రం కాపాడటానికి తెచ్చిన నిబంధనే కొత్త వలవుతుంది.

ఇంకొక మాట, కట్టడి ఎక్కువైతే జనం దొంగ సైట్లకు పోతారని. ఇందులో నిజం ఉంది. విదేశాల్లో కూర్చుని నడిపే సైట్లు ఒక పేరు మూస్తే ఇంకో పేరుతో తెరుస్తాయి, అక్కడ ఏ జాబితా, ఏ పరిమితి పనిచేయదు. కానీ ఈ భయం చూపించి చట్టబద్ధమైన సైట్లను కూడా దొంగ సైట్ల స్థాయికి వదిలేయమనడం ఏం న్యాయం? డబ్బు వెళ్ళే దారి బ్యాంకుల్లోంచి, చెల్లింపు సంస్థల్లోంచే కదా, అక్కడ పట్టుకోవాలి. ప్రకటనలు ఆపాలి. ఇటలీ 2018లోనే జూదం ప్రకటనలను చట్టంతో నిషేధించింది, బెల్జియం 2023లో చాలావరకు ఆపేసింది. నార్వే అనుభవం కూడా గుర్తుంచుకోవాలి. 2007లో ఆ దేశం పాత స్లాట్ యంత్రాలన్నిటినీ తీయించేసింది. ఆడేవాళ్ళంతా వేరే జూదాల మీద పడతారని భయపడ్డారు. ఆ స్థాయిలో అలా జరగలేదు, సహాయం కోరేవాళ్ళ సంఖ్య తగ్గింది. తర్వాత పెట్టిన కొత్త యంత్రాలకు కార్డు, పరిమితి, తప్పనిసరి విరామం జోడించారు.

మొత్తానికే నిషేధిస్తే? భారతదేశం ఆ దారి పట్టింది. 2025 ఆగస్టులో ఆమోదం పొందిన చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నడపడాన్ని, వాటి ప్రకటనలను, వాటికి చెల్లింపులు జరపడాన్ని నిషేధించింది. నడిపితే మూడేళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ఆడినవాళ్ళకు శిక్ష లేదు, వాళ్ళను బాధితులుగానే చూసింది. ఆ చూపు సరైనదని నా నమ్మకం. ప్రకటనలు ఆగితే కొత్తగా పడేవాళ్ళు తగ్గుతారు, అది చిన్న సంగతి కాదు. నా దిగులల్లా ఇప్పటికే పడిపోయినవాళ్ళ గురించి. యాప్ మూసేసిన రోజున జబ్బు మూసుకుపోదు. వాళ్ళు దొంగ దారి వెతుక్కుంటారు, అక్కడ మోసపోతే ఫిర్యాదు చేయడానికి భయపడతారు. నిషేధించినా, లైసెన్సు ఇచ్చినా ఆ మనిషికి వైద్యం కావాలి, అప్పుల సలహా కావాలి. దానికయ్యే ఖర్చు ఆ డబ్బు సంపాదించినవాళ్ళ దగ్గరే వసూలు చేయాలి. బ్రిటన్ 2025 ఏప్రిల్ నుంచి కంపెనీల మీద తప్పనిసరి సుంకం వేసి చికిత్సకు, పరిశోధనకు, నివారణకు వాడుతోంది. అంతకుముందు ఇష్టమైతే ఇచ్చే విరాళంగా ఉండేది.

మా తమ్ముడు ఇప్పుడు పర్వాలేదు. కౌన్సెలింగ్‌కు వెళ్తున్నాడు, జీతం వాళ్ళమ్మ ఖాతాలో పడుతుంది, అప్పు ఇంకా మూడేళ్ళు తీర్చాలి. ఆ చరిత్ర ఫైలు నా దగ్గరే ఉంది. పారేయమన్నాడు కానీ నేను పారేయలేదు. అందులో చివరి డిపాజిట్ వరస 611. దాని తర్వాత వాడు ఖాతా మూసేయమని రాశాడు, కారణం అడిగిన గడిలో "ఆపుకోలేకపోతున్నాను" అని రాశాడు. వరస 612 పదహారు రోజుల తర్వాతది. దాన్ని వేసింది వాడు కాదు. కంపెనీ వేసింది: 50 ఉచిత స్పిన్లు జమ, గడువు 24 గంటలు.